నియోబియం గుల్లలో చెప్పిన మాట

నేను ఒక లోహపు గుల్లను. మద్దెలను మీరు చూసే ఉంటారు. నడుమ ఉబ్బి, రెండు వైపులా సన్నబడి ఉంటుంది. నాదీ అదే రూపం. తోలు బిగించాల్సిన చోట నాకు రెండు గొట్టపు మూతులున్నాయి, అంతే తేడా. నా లోహం పేరు నియోబియం. మెళ్ళో వేసుకోవడానికి పనికిరాను, నాగలి కర్రుకూ పనికిరాను. నాకున్న గుణం ఒక్కటే. విపరీతమైన చలిలో ముంచితే నా ఒంట్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పరుగెడుతుంది. ఆ బలంతో అణువుకన్నా చిన్న కణాలను తరిమి వేగం పెంచవచ్చునని మనుషులు కనిపెట్టారు. అవి వేగంగా పోతే వాళ్ళకేం ఒరుగుతుందో నాకు సరిగ్గా తెలియదు. నన్ను చేసినవాళ్ళలో సగం మందికి కూడా తెలియదని తర్వాత గ్రహించాను.

సముద్రాల అవతల ఏదో ఎర్రమట్టి గనిలోంచి నన్ను తవ్వి తీశారు. గాలి లేని కొలిమిలో పడేసి కరిగించారు. గట్టిపడ్డాక ఇంకా మలినం ఉందని మళ్ళీ కరిగించారు. అప్పటికీ తృప్తి లేక మళ్ళీ. తమ విషయంలో ఎన్నడూ కోరని శుద్ధిని మనుషులు నా దగ్గర కోరారు. రేకుగా సాగదీశారు, అచ్చులో పెట్టి రెండు గిన్నెలుగా వత్తారు, మూతికి మూతి కలిపి అతికారు, ఆసిడ్‌తో లోపలి పొర గీకేశారు. అప్పుడు నేను ఆమె చేతుల్లోకి వచ్చాను.

ఆమె పేరు స్వరూప. హైదరాబాదు నుంచి వికారాబాద్ పోయే దారిలో, సీతాఫలం చెట్ల గుట్టల మధ్య, ముళ్ళకంచె వేసిన ఒక పరిశోధన సంస్థ ఉంది. అక్కడి క్లీన్‌రూంలో ఆమె పని చేసేది. నా వంటివాటిని నీటిధారతో కడిగి, ఆరబెట్టి, దుమ్ము కణం పడకుండా మూతులు బిగించడం ఆమె ఉద్యోగం. నా లోపల కంటికి కనిపించని నలుసు ఒక్కటి పడినా చాలు, అక్కడి నుంచి నిప్పురవ్వల వంటివి లేచి నా శక్తంతా వృథా అవుతుంది. అందుకని ఆ గదిలో మనిషి మనిషిలా ఉండకూడదు. బొట్టు, కాటుక, పౌడరు, పూలు, గాజులు, అన్నీ బయటే వదలాలి. తెల్లటి అంగీ తల మీంచి పాదాల దాకా కప్పుకొని, మూతికి గుడ్డ కట్టుకుంటే ఆమెవి కళ్ళు మాత్రమే కనిపించేవి. మెల్లగా నడిచేది. చెయ్యి మెల్లగా చాచేది. గట్టిగా ఊపిరి వదిలేది కాదు. నన్ను తాకిన చేతుల్లో అంత నెమ్మది ఇంకెవరికీ లేదు.

పుస్తెలు కూడా తీసి లాకరులో పెట్టాలి. ఆ సంగతి అత్త సత్తెమ్మకు చాలా రోజులు తెలియలేదు. పరిగి దగ్గర పల్లెలో బీడీలు చుట్టి కొడుకును చదివించిన మనిషి ఆమె. వయసు మీదపడ్డాక కొడుకు దగ్గరికి, క్వార్టర్‌కు వచ్చి ఉంటోంది. ఒకనాడు స్వరూప లాకరు తాళంచెవి ఇంట్లో మరిచిపోయి, పుస్తెలు కొంగుకు ముడేసుకొని ఇంటికి రావడంతో గుట్టు బయటపడింది. ఇంటి సంగతులు నాకెలా తెలుసంటారా? క్లీన్‌రూంలో ఆమెతో పనిచేసే ఫిలోమినాకు చెబుతుంటే విన్నవే అన్నీ. కడిగే యంత్రం నడుస్తున్నంతసేపూ వాళ్ళిద్దరూ గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు.

"మొగడు సల్లగ ఉండంగ పుస్తెలు తీసి పెట్టెల పెడ్తరా ఎవరన్న? గదేం కొలువు బిడ్డా?" అందట సత్తెమ్మ.

స్వరూప భర్త బిక్షపతి నవ్వాడట. "అమ్మా, నేనైతే నీ ముంగట్నే ఉన్న గద. అన్నం పెట్టు, ఆకలైతుంది."

బిక్షపతి కూడా అదే సంస్థలో, మా పరీక్షలు జరిగే హాల్లో టెక్నీషియను. హాలు మధ్యన నేలలో ఒక లోతైన గుంట ఉంది. ఆ గుంటలో పెద్ద ఉక్కు పాత్ర. నన్ను అందులోకి దించి, ద్రవ హీలియం పోసి చల్లబరుస్తారు. హీలియం తొందరగా మరిగిపోకుండా పాత్ర చుట్టూ ద్రవ నైట్రోజన్ తిప్పుతారు. ఆ గొట్టాలు, కవాటాలు చూసుకునేది బిక్షపతి, అతని తోటి కాంట్రాక్టు ఉద్యోగి జహంగీర్. ఆ విభాగానికి పెద్ద డాక్టర్ మురహరి. చెడ్డవాడు కాదు. ఎవరి పెళ్ళికి పిలిచినా పోయేవాడు, పేర్లు గుర్తుపెట్టుకునేవాడు. ఎన్నో ఏళ్ళుగా నా వంటి గుల్ల మన దగ్గరే, మన చేతులతోనే తయారు కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. నేను మంచి ఫలితం చూపిస్తే ఆయన బతుక్కు ఒక అర్థం దొరికినట్టే.

ఆ రోజు బయటి నుంచి పెద్దల కమిటీ వస్తోంది. పొద్దుటి పూట నన్ను క్రేనుకు వేలాడదీసి గుంట పక్కన ఉంచారు. గుంట గోడకు ఒక చిన్న యంత్రం ఉంది. కింద గాలిలో ఆక్సిజన్ తగ్గితే అది కూస్తుంది. ఆ పొద్దున అది ఒకటే కూస్తోంది.

"ఆ గోల ఆపించండయ్యా," అన్నాడు మురహరి చెవి మూసుకుని. "దీని కూతల మధ్య కమిటీతో ఏం మాట్లాడను?"

"సార్, కింద నైట్రోజన్ లైను ఉంది. ఇది ఉండాలె సార్," అన్నాడు బిక్షపతి.

"నిన్నంతా కూడా ఊరికే మొత్తుకుంది కదా. సెన్సరు పాడైంది. కమిటీ పోగానే కొత్తది పెట్టిద్దాం. ప్లగ్గు తీసెయ్."

బిక్షపతి జహంగీర్ వైపు చూశాడు. జహంగీర్ నేల చూశాడు. బిక్షపతి వంగి ప్లగ్గు తీశాడు. కూత ఆగిపోయింది. హాలంతా హాయిగా అనిపించింది అందరికీ. యంత్రం నిజంగా పాడైందో, లేక నిజమే చెబుతోందో అప్పుడు ఎవరూ చూడలేదు.

నన్ను పాత్రలోకి దించి మూత బిగించారు. నైట్రోజన్ వదిలారు. కాసేపటికి కింద ఒక అతుకు దగ్గర మంచు తెల్లగా పేరుకుంటోందని పైనుంచి కనిపించింది. లీకు చిన్నదే, రెంచితో కాస్త బిగిస్తే సరిపోతుంది. బిక్షపతి మెట్లు దిగాడు.

నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. మీరు పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. అదొక్కటే మిగిలితే మాత్రం, ఊపిరి అందడం లేదన్న సంగతి కూడా మనిషికి తెలియదు. మెల్లగా మత్తు కమ్ముతుంది, కాళ్ళు మెత్తబడతాయి. నాకూ బిక్షపతికీ మధ్య ఉక్కు గోడ ఉంది. అతని రెంచి గొట్టానికి తగిలే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. తర్వాత రెంచి కింద పడ్డ చప్పుడు. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

"బిక్షపతన్నా!" పైనుంచి జహంగీర్ పిలిచాడు. "అన్నా, ఏమైంది?"

పైన ఏం జరిగిందో తర్వాత విన్నాను. జవాబు లేకపోయేసరికి జహంగీర్ మెట్ల వైపు పరిగెత్తాడు. అప్పుడు మురహరి అతని అంగీ కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. జహంగీర్ విదిలించుకోబోతే నడుము చుట్టూ చేతులు వేసి నేలమీద పడేశాడు. "దిగకు! కింద గాలి లేదు. నువ్వూ పోతావు!" అని అరుస్తూనే ఉన్నాడు. ముఖానికి తగిలించుకుని దిగే గాలి సిలిండరు ఇంకో భవనంలో ఉంది. అది తెచ్చేసరికి బిక్షపతి చల్లబడ్డాడు. ఆ కంగారులో నా లోపలి గాలిని తోడేసే పంపును ఎవరో ఆపేశారు. నా లోపలికి హాల్లోని మామూలు గాలి చొరబడింది.

నన్ను సంచిలో చుట్టి అలమరలో పెట్టారు. కొన్నాళ్ళ తర్వాత, మళ్ళీ కడగాలని క్లీన్‌రూంకు తెచ్చాక, జరిగింది విన్నాను. దినాల నాడు స్వరూప గాజులు పగలగొట్టి, పుస్తెలు తీస్తుంటే, చుట్టూ చేరిన ఆడవాళ్ళందరి ముందు సత్తెమ్మ అందట: "రోజూ నీ చేత్తోని తీసి పెట్టినవ్ గద. ఇయ్యాల ఎందుకు ఏడుస్తున్నవ్?"

"అత్తమ్మ గట్లన్నందుకు నాకు కోపం రాలే ఫిలోమినా," అంది స్వరూప. "నాక్కూడ లోపల గదే అనిపిస్తుంది. నిద్రల గూడ గదే."

"పిచ్చిదానా, గ్యాసుకు పుస్తెలేం తెలుసు?" అంది ఫిలోమినా. అత్తాకోడళ్ళు ఒకే వంటింట్లో వేరువేరుగా తింటున్నారని, ఒకరు లేచాక ఒకరు కూర్చుంటున్నారని ఆ తర్వాత స్వరూప చెప్పింది.

విచారణ జరిగింది. ప్రమాదానికి కారణం ఒక్క ముక్కలో తేల్చారు: మరణించిన ఉద్యోగి హెచ్చరిక యంత్రం ప్లగ్గును తానే తొలగించి, అజాగ్రత్తగా గుంటలోకి దిగాడు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. ప్లగ్గు తీసింది అతని చెయ్యే. నేను చూశాను. కానీ నన్ను పిలిచి అడిగేవాళ్ళు ఎవరు? జహంగీర్‌ను పిలిచి అడిగారు. తాను పైపు దగ్గర ఉన్నానని, ఏమీ వినలేదని చెప్పాడు.

స్వరూప ఆ వాక్యాన్ని ఇంట్లో చదివి వినిపించినప్పుడు సత్తెమ్మ, "నా కొడుకు గంత మతిలేనోడా?" అని మాత్రం అందట. ఆ సాయంత్రమే జహంగీర్ వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు విప్పి, లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. కూత ఆపమన్నది ఎవరో, బిక్షపతి ఏమని అడ్డం చెప్పాడో.

"మరి విచారణల ఎందుకు చెప్పలేదన్నా?" అని అడిగింది స్వరూప. "ఉద్యోగం పోతదనా?"

"పోతె పోనీ అక్కా. గది కాదు." జహంగీర్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "ఆయన నన్ను పట్టి ఆపకుంటె నేను గూడ గుంటలనే ఉంటుంటి. నా పిల్లలు ఇయ్యాల నన్ను చూస్తున్నరంటె ఆయన వల్లనే. ఆయన మీద ఎట్ల చెప్పాలె? నువ్వే చెప్పు."

అతను పోయాక సత్తెమ్మ వంటింట్లోకి వెళ్ళి ఒకే కంచంలో అన్నం కలుపుకొచ్చింది. కోడలి ముందు పెట్టి, "తిను బిడ్డా," అంది. ఇద్దరూ అందులోనే తిన్నారు. ఈ సంగతి చెబుతూ స్వరూప ఏడ్చింది. క్లీన్‌రూంలో ఏడవకూడదు. ఆమె మూతిగుడ్డ తడిసిపోవడంతో ఫిలోమినా బయటికి తీసుకెళ్ళి మార్పించింది.

నన్ను కడగడం పూర్తయింది. ఆరాను. ఇక మూతులు బిగించాలి. ఆ పూట మురహరి క్లీన్‌రూం అద్దం అవతల వచ్చి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. గోడకున్న మీట నొక్కితే లోపలివాళ్ళతో మాట్లాడవచ్చు.

"స్వరూపా, వచ్చే వారం మళ్ళీ పరీక్ష పెడుతున్నాం. ఇది నీ చేతుల మీదుగానే సిద్ధం కావాలమ్మా," అన్నాడు.

"సార్, ఒక మాట అడుగుత."

"అడుగమ్మా."

"ప్లగ్గు తియ్యమన్నది ఎవరు?"

"ఆ రిపోర్టు మూసేశారమ్మా. ఇప్పుడు నా చేతుల్లో ఏం లేదు."

"రిపోర్టు గురించి అడుగుతలేను సార్. ఎవరన్నరు అని అడుగుతున్న."

మురహరి మీట మీంచి వేలు తీసేశాడు. తర్వాత ఆయన పెదాలు కదిలాయో లేదో నాకు గుర్తులేదు. కదిలినా మాకు వినిపించదు.

స్వరూప నా మూతి మీది కప్పు తీసింది. తర్వాత తన మూతిగుడ్డ కిందికి లాగింది. "స్వరూపా, వద్దే!" అని ఫిలోమినా కేక పెట్టింది. ఆమె వినలేదు. రెండు చేతులతో నన్ను పట్టుకుని, పసిపిల్ల చెవిలో చెప్పినట్టు నా మూతికి నోరు ఆనించి మాట్లాడింది.

"మా ఆయన తనంతట తాను తియ్యలె. వద్దు సార్ అని చెప్పిండు. మురహరి సార్ తియ్యమంటె తీసిండు. పెద్దమనిషి చెప్పిండు గదా అని తీసిండు. ఆయన మతిలేనోడు కాదు."

అంతే చెప్పింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఒక్కో మాటతో ఆమె ఊపిరి తేమ, నోటి తుంపర, బుగ్గల మీంచి జారిన ఉప్పునీళ్ళు నా లోపలి గోడలకు అంటుకున్నాయి. కొలిమిలో అన్నిసార్లు కాల్చి, ఆసిడ్‌లో ముంచి నాకు తెచ్చిపెట్టిన శుద్ధి అంతా ఆ కాస్త మాటలతో పోయింది. అద్దం అవతల మురహరి కదలకుండా నిలబడి చూశాడు. ఆపమని మీట నొక్కలేదు. ఎవరినీ పిలవలేదు.

మర్నాడు ఆమెను స్టోర్స్ విభాగానికి మార్చారు. సస్పెండు చేయాలని పైవాళ్ళు అంటే మురహరే అడ్డుపడ్డాడట. "ఆమె మనసు బాగాలేదు, వదిలెయ్యండి," అన్నాడట. దయతోనే అని ఉంటాడు. కానీ ఆ ఒక్క మాటతో స్వరూప ఇకమీదట ఏం చెప్పినా, ఎవరికి చెప్పినా, మనసు బాగాలేని మనిషి చెప్పిన మాటే అయిపోయింది.

నన్ను మళ్ళీ కడగమన్నారు. ఫిలోమినాకు ముగ్గురు పిల్లలు. "దాని మాటల్ని నా చేతులతోటే కడగమంటరా?" అని గొణుక్కుంటూనే యంత్రం నడిపింది. నీటిధార సూదుల్లా నా గోడలను పొడిచింది. స్వరూప మాటలు తడిగా కరిగి, కింది జాలీలోంచి మురుగు కాలువలోకి పోయాయి. నా లోపల మళ్ళీ ఏమీ లేదు.

గుంట గోడకు కొత్త యంత్రం వచ్చింది. పచ్చ దీపం వెలుగుతోంది. పక్కనే గాలి సిలిండర్లు వేలాడదీశారు. నన్ను దించారు, చల్లబరిచారు, కరెంటు పంపారు. నేను ఎంత బలం చూపించగలనని వాళ్ళు లెక్క కట్టారో అంతకు మించి చూపించాను. మేము లోహాలం, దుఃఖం మా పనికి అడ్డు రాదు. నన్ను పైకి తీశాక హాల్లో చప్పట్లు మోగాయి. సంస్థ అధ్యక్షుడు వచ్చి మురహరిని కౌగిలించుకున్నాడు. మిఠాయి డబ్బాలు తెరిచారు. మురహరి తానే ఒక డబ్బా పట్టుకుని అందరికీ పంచుతూ జహంగీర్ దగ్గరికి వచ్చాడు.

జహంగీర్ చెయ్యి చాచలేదు.

"సార్, మీరు నా పానం కాపాడిన్రు," అన్నాడు. గొంతు అందరికీ వినిపించేంత పైకి లేచింది. "అది నేను సచ్చేదాక మరువ. కానీ ప్లగ్గు తియ్యమన్నది మీరే సార్. బిక్షపతన్న వద్దన్నడు. నేను విన్న."

నవ్వులు ఆగిపోయాయి. కొందరు తెరల మీది గీతలను చూడటం మొదలుపెట్టారు. మురహరి చేతిలో డబ్బా అలాగే ఉంది.

"అవును," అన్నాడు. "నేనే అన్నాను."

ఆ రెండు మాటలు అనడానికి ఆయన ఇన్నాళ్ళూ మోసిన బరువు ఎంతో నాకు తెలియదు. అన్న తర్వాత ఆయన ముఖం తేలికపడిందని కొందరు చెప్పుకున్నారు. అధ్యక్షుడు ముందుకొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మురహరి గారు అలసిపోయారు. ఇది ఆ విషయాలకు సందర్భం కాదు. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు. అందరూ తలూపారు. తర్వాత అన్న రోజు రాలేదు. జహంగీర్ కాంట్రాక్టు గడువు తీరాక మళ్ళీ పిలవలేదు. మురహరి ముందే పదవీ విరమణ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరు వదిలి వెళ్ళిపోయాడు. రిపోర్టు మార్చాలంటే ఆయన వచ్చి చెప్పాలన్నారు. ఆయన లేడు కనుక మార్చడం కుదరదన్నారు.

ఇక నా సంగతి. నా ఫలితం ఎంత గొప్పగా వచ్చినా, ఈలోపు పైవాళ్ళు యంత్రం నమూనా మార్చేశారు. ఇంకా పొడుగైన, ఇంకా ఎక్కువ ఉబ్బులున్న గుల్లలు కావాలట. నన్ను ఏ యంత్రంలోనూ బిగించలేదు. ఒక్క కణాన్ని కూడా నేను తరమలేదు. తుడిచి, మెరిపించి, సంస్థ ముందు భవనంలో, సందర్శకులు కూర్చునే చోట గాజుపెట్టెలో పెట్టారు. కింద ఇత్తడి పలక. దాని మీద నా లోహం పేరు, నేను చూపిన బలం, సంస్థ పేరు చెక్కించారు. స్కూలు పిల్లలను తీసుకొచ్చినప్పుడు మాస్టర్లు నన్ను చూపించి ఏదో చెబుతారు. పిల్లలు గాజులో తమ ముఖాలు చూసుకుని వెక్కిరించుకుంటారు.

నా ఎదురుగా ఒక బెంచీ ఉంది. స్వరూప, సత్తెమ్మ తరచుగా వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటారు. రిపోర్టులో ఆ ఒక్క వాక్యం మార్చమని అడగడానికి అధ్యక్షుణ్ణి కలవాలని వస్తారు. స్వరూప స్టోర్స్‌లో అరపూట సెలవు పెట్టి వస్తుంది. ఆమె నా వైపు చూడదు. వచ్చిన ప్రతిసారీ నాకు వీపు తిరిగేలాగా కూర్చుంటుంది.

మొన్న వచ్చినప్పుడు సత్తెమ్మకు కూర్చుని కూర్చుని నడుము నొప్పెట్టినట్టుంది. లేచి మెల్లగా నడుస్తూ నా దగ్గరికి వచ్చింది. కళ్ళు చికిలించి చూసింది. గాజు మీద అరచెయ్యి ఆనించింది.

"బిడ్డా, గిదేంది? గింత మెరుస్తుంది?"

స్వరూప తల తిప్పలేదు.

"గదే అత్తమ్మా. ఆ రోజు గుంటల పెట్టింది. దీని కోసమే."

ముసలామె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. వంగి, పక్క నుంచి చూసింది. నా మూతి దగ్గర ముఖం పెట్టి లోపలికి చూసింది. అక్కడ చీకటి తప్ప ఏముంటుంది?

"గింతేనా?" అంది.

అప్పుడే రిసెప్షన్ అమ్మాయి ఫోను పెట్టేసి, "సార్ ఇవాళ మీటింగులో ఉన్నారమ్మా, సోమవారం రండి," అని చెప్పింది. సత్తెమ్మ విన్నట్టు లేదు. వెనక్కి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. కొంగు సరిచేసుకుంది.

"మీటింగు అయ్యేదాక ఉంటం బిడ్డా," అంది ఆ అమ్మాయితో. "మాకేం పని ఉంది?"